రెండు బస్తాలు ఎక్కువొస్తే మందు పనిచేసినట్టేనా?

కళ్లంలో కాటా పెట్టి అందరి ముందూ తూచారు. గుళికలు వేసిన మడిలో ఎకరాకు 32 బస్తాల లెక్కన వచ్చింది. వెయ్యని మడిలో 29న్నర. "చూశారుగా, రెండున్నర బస్తాల తేడా" అన్నాడు కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు. చుట్టూ నలభై మంది దాకా రైతులున్నారు. టీలు ఇచ్చారు, టోపీలు పంచారు. నేను ఫొటో తీయించుకుని వచ్చి, ఆ తర్వాతి వారం ఇలాంటి పేజీలోనే అర పేజీ రాశాను. హెడ్డింగు కూడా నేనే పెట్టాను. అదిప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఇది పన్నెండేళ్ల కిందటి మాట. మరుసటి సార్వాకు మా ఊళ్లో చాలామంది ఆ గుళికలు కొన్నారు. మా వెనక వీధిలో ఒకాయన ఉన్నాడు, నాకు వరసకి బాబాయి. రెండెకరాలు కౌలుకు చేస్తాడు. నాలుగు సంచులు కొట్లో అప్పు పెట్టి తెచ్చి చల్లాడు. కోతలయ్యాక చూసుకుంటే ఎప్పుడూ వచ్చే దిగుబడే వచ్చింది. అప్పు మాత్రం మిగిలింది. ఓ రోజు పొద్దున్నే మా అరుగు మీదకొచ్చి కూచున్నాడు. జేబులో నుంచి నేను రాసిన కాగితం ముక్క తీశాడు. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"అబ్బాయ్, నువ్వు రాశావు గదా. ఆ రెండు మళ్లూ అంతకు ముందేడు ఎంతెంత పండాయో అడిగావా?"

అడగలేదు. ఆ ముక్క నాకు తట్టనే లేదు. మర్నాడు బండేసుకుని ఆ ఊరు వెళ్లి, ఆ పొలం రైతునే అడిగాను. "ఆ పైమడా? అదెప్పుడూ రెండు బస్తాలు ఎక్కువే పండుద్దండీ. బోదె పక్కన గదా, ఒండ్రంతా అందులోనే దిగుద్ది" అన్నాడు ఆయన, ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తూ.

అప్పటి నుంచి ఎవరైనా రెండు మళ్లు చూపించి "ఇందులో ఇంత, అందులో ఇంత" అంటే ముందు బాబాయి ప్రశ్నే గుర్తొస్తుంది. దిగుబడిలో తేడా వచ్చిందా అని అడిగితే సరిపోదు. ఏ మందూ వెయ్యకపోయినా ఆ మాత్రం తేడా వచ్చేదేనా అని అడగాలి. ఈ రెండో ప్రశ్నకు జవాబు రాబట్టే పద్ధతి ఒకటుంది. అది పొలాల్లోనే పుట్టి పెరిగింది. రూపాయి బిళ్ల, కాగితం, కాటా ఉంటే మన రైతులు కూడా చేసుకోవచ్చు.

ఒకే చేను, ఒకే విత్తనం, అయినా రెట్టింపు తేడా

ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ అనే చోట 1843 నుంచీ వ్యవసాయ పరిశోధన జరుగుతోంది. అక్కడ మెర్సర్, హాల్ అనే ఇద్దరు 1910లో ఒక వింత పని చేశారు. ఎకరం గోధుమ చేను తీసుకున్నారు. చేనంతా ఒకే విత్తనం, ఒకే ఎరువు, ఒకే సేద్యం. దాన్ని కోతల వేళ 500 చిన్న ముక్కలు చేసి, ఏ ముక్క గింజలు ఆ ముక్కకే వేరుగా తూచారు. 1911లో ఆ లెక్క అచ్చు వేశారు. అన్నిటికంటే తక్కువ పండిన ముక్కలో 2.73 పౌన్లు, అన్నిటికంటే ఎక్కువ పండిన ముక్కలో 5.16 పౌన్లు. మన లెక్కలో కిలోంబావు ఒకచోట, రెండుంపావు కిలోలకు పైన ఒకచోట. ఏ ముక్కకూ ప్రత్యేకంగా ఏమీ వెయ్యలేదు, అయినా దాదాపు రెట్టింపు తేడా.

ఆ 500 ముక్కల్లో కావాలని రెండు ఏరి, ఒకదాని పక్కన బోర్డు పాతితే ఏ మందునైనా అమ్ముకోవచ్చు. బోర్డు పాతిన వాడికి దురుద్దేశం ఉండాలని కూడా లేదు. మంచి మడి చూసి పాతుతాడు, అంతే.

మన పొలాల్లో ఇది ఇంకా ఎక్కువే. బోదె పక్క మడి వేరు, మురుగు వైపు మడి వేరు. ఒకప్పుడు పెంట కుప్ప ఉన్న చోట పదేళ్లయినా పైరు నల్లగా లేస్తుంది. చెట్టు నీడ, చవుడు మచ్చ, దమ్ములో ఎత్తుపల్లాలు, ఎలకల బెడద, ఇవన్నీ దిగుబడిని అటూ ఇటూ లాగుతూనే ఉంటాయి. కాబట్టి ఒక్క మడికి ఒక్క మడిని పోల్చి తేల్చేది ఏమీ ఉండదు. కొన్ని మళ్లలో వేసి, కొన్ని మళ్లలో వెయ్యకుండా, రెండు గుంపుల సగటులు చూడాలి. అలా సగటు తీసినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. రెండు గుంపుల సగటులు ఎప్పుడూ సరిసమానంగా రావు. ఎంతో కొంత తేడా ఉండే తీరుతుంది. ఆ తేడా మందుదా, భూమిదా?

బీరు కంపెనీ ఉద్యోగి వేసిన లెక్క

ఈ చిక్కు విప్పిన వాడు ప్రొఫెసరు కాదు. ఐర్లాండులోని డబ్లిన్‌లో బీరు తయారు చేసే గిన్నిస్ కంపెనీలో 1899లో చేరిన గాసెట్ అనే ఉద్యోగి. బీరుకు బార్లీ కావాలి కాబట్టి ఏ బార్లీ బాగా పండుతుందో, ఎలా పండించాలో కంపెనీకి అవసరం. పరీక్షలు చేసేవారు గానీ చేతిలో ఉండేవి పదో పదకొండో అంకెలు. అంత కొద్ది అంకెలతో ఎంత వరకు నమ్మొచ్చు అన్నదే గాసెట్ పట్టుకున్న ప్రశ్న. 1908లో దాని మీద వ్యాసం రాశాడు. సొంత పేరుతో వెయ్యడానికి కంపెనీ ఒప్పుకోదు, అందుకని 'స్టూడెంట్' అనే మారుపేరు పెట్టుకున్నాడు. ఈ రోజుకీ కాలేజీ పిల్లలు ఆ లెక్కను 'స్టూడెంట్ టి పరీక్ష' అనే చదువుతున్నారు.

ఆ వ్యాసంలో ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చంగా రైతు ప్రశ్నే. బార్లీ విత్తనాన్ని బట్టీ వేడి మీద ఆరబెట్టి చల్లితే దిగుబడి పెరుగుతుందా? 1899లో ఏడు, 1900లో నాలుగు, మొత్తం 11 చోట్ల పరీక్ష చేశారు. ప్రతి చోటా ఒక ముక్కలో ఆరబెట్టిన విత్తనం, పక్కనే ఇంకో ముక్కలో మామూలు విత్తనం. ఎకరాకు పౌన్లలో లెక్క. మామూలు విత్తనానికి సగటున 1,841 వస్తే, ఆరబెట్టిన దానికి 1,875 వచ్చింది. 34 పౌన్లు, అంటే 15 కిలోలు ఎక్కువ.

మనమైతే "ఆరబెడితే లాభమే" అని రాసేద్దుం. నేనైతే తప్పకుండా రాసేవాణ్ణి. గాసెట్ మాత్రం జత జతకూ తేడా చూశాడు. ఒకచోట 106 పౌన్లు ఎక్కువ, ఒకచోట 20 తక్కువ. ఒకచోట 127 ఎక్కువ, మరోచోట 70 తక్కువ. పదకొండింట్లో ఏడు చోట్ల పెరిగింది, నాలుగు చోట్ల తగ్గింది. తేడాలు ఇంత ఊగుతుంటే, వాటి సగటు దానంతటదే 20 పౌన్లు అటూ ఇటూ కదలడం మామూలు. మనకొచ్చిన 34 ఆ మామూలు కదలికకు 1.7 రెట్లు మాత్రమే. పదకొండు జతలున్నప్పుడు అది 2.2 రెట్లకు పైన ఉంటేనే గట్టి తేడా అని పట్టికలు చెబుతాయి. ఆరబెట్టడం వల్ల ఏమీ జరగకపోయినా ఇంత తేడా నూటికి పన్నెండు సార్లు ఊరకే కనిపించవచ్చునన్నమాట. అందుకని ఆ 34 పౌన్లను పట్టుకుని ఊరందరికీ బట్టీలు కట్టించడానికి వీల్లేదు. ఆరబెట్టడం దండగ అని కూడా ఆ లెక్క చెప్పలేదు. ఇంకా తేలలేదంది, అంతే.

రూపాయి బిళ్లతో పరీక్ష

రెట్లూ పట్టికలూ అంటే భయపడక్కర్లేదు. బిళ్ల ఎగరేసి ఇదే పని చెయ్యొచ్చు. రోథామ్‌స్టెడ్‌లో 1919లో చేరిన ఫిషర్ అనే పెద్ద గణిత శాస్త్రవేత్త ఈ తరహా లెక్కను 1935లో తన పుస్తకంలో వివరించాడు. అర్థం కావడానికి ఒక ఊహా లెక్క తీసుకుందాం. అంకెలు నేను కల్పించినవే.

ఒక రైతు తన వరి పొలంలో ఆరు జతల చిన్న మళ్లు కట్టాడనుకుందాం. జతలో ఒక మడికి గుళికలు వేశాడు, రెండో దానికి వెయ్యలేదు. ప్రతి మడిలో సెంటు మేర కోసి, నూర్చి, ఆరబెట్టి తూచాడు. వేసిన మళ్లలో వరసగా 23.5, 21, 24, 22, 20.5, 23 కిలోలు. వాటి జత మళ్లలో 22, 21.5, 22.5, 21, 21.5, 22. జత జతకూ తీసేస్తే తేడాలు: ఒకటిన్నర ఎక్కువ, అర తక్కువ, ఒకటిన్నర ఎక్కువ, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. అన్నీ కలిపితే మూడున్నర కిలోలు ఎక్కువ. ఆరింటికి సగటు తీస్తే సెంటుకు 580 గ్రాములు. ఎకరాకు 100 సెంట్లు కాబట్టి 58 కిలోలు ఎక్కువొచ్చినట్టు.

ఇప్పుడు మొండిగా ఒక మాట అనుకోవాలి. 'ఈ గుళికలు ఏమీ చెయ్యవు' అని. చదువుకున్న వాళ్లు దీన్ని శూన్య పరికల్పన అంటారు. పేరు ఎలా ఉన్నా సంగతి ఇదే. అమ్మేవాడు పనిచేస్తుందంటాడు కదా, మనం పనిచెయ్యదని మొదలుపెట్టి, పొలం ఆ మాటను కొట్టి పారేస్తుందేమో చూస్తాం. గుళికలు ఏమీ చెయ్యకపోతే, జతలో ఏ మడి ఎక్కువ పండిందన్నది ఉత్త భూమి గుణం. ఆ ఎక్కువ పండిన మడి గుళికల వైపు పడిందా, ఇటువైపు పడిందా అన్నది బొమ్మా బొరుసూ లాంటిదే.

అందుకని బిళ్ల తీయండి. మొదటి జత తేడా ఒకటిన్నర. బొమ్మ పడితే ఎక్కువ అని, బొరుసు పడితే తక్కువ అని రాయండి. రెండో జత అర కిలో, మళ్లీ ఎగరెయ్యండి. ఆరూ అయ్యాక ఎక్కువల్లో నుంచి తక్కువలు తీసేసి మొత్తం చూడండి. అదొక విడత. మళ్లీ మొదటి నుంచి ఇంకో విడత. ఇలా యాభై అరవై విడతలు చేస్తే, మూడున్నర కిలోలు గానీ అంతకంటే పెద్ద తేడా గానీ ఎన్నిసార్లు వస్తుందో కళ్లారా చూస్తారు. వానాకాలం సాయంత్రం పిల్లల్ని కూచోబెట్టుకుంటే గంట పని.

ఎగరెయ్యకుండా కాగితం మీద కూడా తేల్చొచ్చు. ఆరు బిళ్లలు పడే తీరులు మొత్తం 64. అందులో మూడున్నర గానీ ఆ పైన గానీ ఎక్కువ వచ్చేవి 10. మూడున్నర గానీ ఆ పైన గానీ తక్కువ వచ్చేవి మరో 10. మందు పెంచుతుందో చెరుపుతుందో ముందుగా మనకు తెలియదు కాబట్టి రెండు వైపులా లెక్కపెట్టాలి. 64లో 20. అంటే గుళికలకు బదులు ఇసుక చల్లినా, ఇంత తేడా మూడింట ఒకసారి దాకా కనిపిస్తుంది. ఎకరాకు 58 కిలోలని చంకలు గుద్దుకోవడానికి లేదు.

అదే రైతుకు అవే తేడాలు అన్నీ ఒకే వైపు వచ్చాయనుకోండి. అర, ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటిన్నర, ఒకటిన్నర, ఆరింటికి ఆరూ గుళికలు వేసిన మడే ఎక్కువ పండింది. అప్పుడు మొత్తం ఆరున్నర కిలోలు. ఎకరాకు 108 కిలోలు. బిళ్ల పాటలో అంత తేడా రావాలంటే ఆరూ బొమ్మలే పడాలి, లేదా ఆరూ బొరుసులే పడాలి. 64లో రెండే రెండు, నూటికి మూడు. ఇక్కడ 'ఏమీ చెయ్యవు' అన్న మాట మీద పట్టు సడలుతుంది. చిత్రం చూడండి, అంకెల సైజులో ఏమీ మారలేదు. రెండు జతలు ఇటు నుంచి అటు తిరిగాయి, అంతే.

ఎంత తక్కువైతే నమ్మాలి అంటే, ఇరవైలో ఒకటి కంటే తక్కువైతే అని ఫిషర్ 1925లో రాసిన పుస్తకం నుంచి వాడుకగా వస్తోంది. అది బ్రహ్మరాత కాదు, ఒక గుర్తు. ఈ గుర్తు ప్రకారం నాలుగైదు జతలు చాలవు. నాలుగు జతల్లో నాలుగూ ఎక్కువొచ్చినా 16లో రెండు, ఐదు జతలైతే 32లో రెండు. ఆరు జతలకు గానీ ఇరవైలో ఒకటి లోపుకు దిగదు. అందుకే తక్కువలో తక్కువ ఆరు జతలు కావాలనేది.

పొలంలో ఎలా పెట్టుకోవాలి?

లెక్క సులువే. పొలంలో పనే జాగ్రత్తగా చెయ్యాలి.

ఎకరం పొలంలో 20 సెంట్లు చాలు. మిగతా 80 సెంట్లు మీ ఇష్టం. సెంటున్నర చొప్పున 12 మళ్లు, రెండేసి పక్కపక్కనే ఉండేట్టు. జత అంటే కవలల్లా ఉండాలి. బోదె నుంచి ఒకే దూరం, ఒకే పల్లం, ఒకే నీడ. ఒక జత బోదె పక్కనుంటే ఇంకో జత మురుగు పక్కనుండొచ్చు, ఫర్వాలేదు. జతలో రెండూ ఒకేలా ఉంటే చాలు. ఒకే నారు, ఒకే రోజు ఊడ్పు, యూరియా కూడా ఒకే రోజు ఒకే మోతాదు.

జతలో దేనికి మందు వెయ్యాలన్నది మీరు నిర్ణయించొద్దు. ఇది చాలామంది పట్టించుకోని ముక్క. మనసు మంచి మడి మీదికే పోతుంది. లేదా పైరు బలహీనంగా ఉన్నచోట వేద్దాం, బాగుపడుతుంది అనిపిస్తుంది. రెండూ తప్పే. బిళ్ల ఎగరేసి బొమ్మ పడితే ఎడమ మడి, బొరుసు పడితే కుడి మడి. ఆరు జతలకూ ఆరుసార్లు. ముందు బిళ్ల ఎగరేసి పెట్టిన పరీక్షకే తర్వాత బిళ్లతో చేసిన లెక్క వర్తిస్తుంది.

వరిలో ఇంకో చిక్కుంది. నీళ్లు. గుళికలు కరిగి పక్క మడిలోకి పోతే జతలో రెండూ ఒకటే అవుతాయి. కాబట్టి ప్రతి మడికీ గట్టి గట్టు వేసి, ఒక మడి నీళ్లు ఇంకో మడిలోకి దిగకుండా నేరుగా బోదె నుంచి పెట్టుకోవాలి. పిచికారీ మందైతే గాలి లేని పూట కొట్టాలి.

కోతప్పుడు గట్టు వార పైరు వదిలెయ్యాలి. గట్టు పక్క దుబ్బులకు గాలీ వెలుతురూ ఎక్కువ, అవి ఎప్పుడూ బలంగానే ఉంటాయి. చుట్టూ రెండు మూడు వరసలు వదిలి, మధ్యలో తాడుతో కొలిచి సెంటు మేర కొయ్యాలి. 33 అడుగుల పొడవు, 13 అడుగుల 2 అంగుళాల పైచిలుకు వెడల్పయితే సెంటు సరిపోతుంది. కోసిన పనలు మడికి వేరుగా కట్టి, వేరుగా నూర్చి, వేరు గోనెలో పోసి, గోనె మీద అంకె వెయ్యాలి. పన్నెండూ ఒకే కళ్లంలో ఒకేలా ఆరాక, తాలు తీసి, ఒకే కాటా మీద తూచాలి. పచ్చి ధాన్యం ఒక గోనె, ఆరినది ఒక గోనె అయితే ఇంతసేపూ పడ్డ శ్రమ గంగలో కలిసినట్టే.

తూచేవాడికి ఏ అంకె మందు మడిదో తెలియకపోవడం మంచిది. తెలిస్తే కాటా ముల్లు కూడా మనకిష్టమైన వైపే ఆగినట్టు కనిపిస్తుంది.

పక్క రైతుల సగటులు చూస్తే చాలదా?

చాలదు. "ఈ మందు వాడిన రైతులకు సగటున 31 బస్తాలు, వాడని వాళ్లకు 28" అని కరపత్రాల్లో వేస్తుంటారు. ఇక్కడ కూడా రెండు గుంపులే, రెండు సగటులే. కానీ ఆ గుంపులు ఎలా ఏర్పడ్డాయి? ఖరీదైన మందు కొనేవాడికి సాధారణంగా నీటి వసతి ఉంటుంది, చేతిలో డబ్బులుంటాయి, ఎరువు సమయానికి వేస్తాడు. కొనలేనివాడు కాలువ చివర కౌలు రైతు. ఆ మూడు బస్తాల్లో మందు వాటా ఎంత, కాలువ వాటా ఎంత అన్నది ఏ పట్టికా విడదీసి చెప్పలేదు. వెయ్యి మంది రైతుల సగటు తెచ్చినా ఈ లోపం పోదు. ఎవరికి మందు అన్నది బిళ్ల నిర్ణయించి ఉంటేనే ఆ పోలికకు విలువ.

ఇంకో కిటుకు కూడా తెలుసుకుని ఉండాలి. ఇరవైలో ఒకటి అన్న గుర్తు పెట్టుకున్నాం కదా. అంటే ఉత్త ఇసుకను ఇరవై ఊళ్లలో పరీక్షిస్తే, ఏదో ఒక ఊళ్లో ఇసుక 'పనిచేసినట్టు' తేలే అవకాశం బాగా ఉంది. ఆ ఒక్క ఊరి ఫొటో వేసి, మిగతా పందొమ్మిది ఊళ్ల ఊసెత్తకపోతే చూసేవాళ్లకు ఏం తెలుస్తుంది? కాబట్టి అమ్మేవాళ్లను "మొత్తం ఎన్నిచోట్ల పెట్టారు? తేడా రానివి ఎన్ని?" అని అడగండి. జవాబు చెప్పడానికి తడుముకుంటే మన డబ్బు మన జేబులోనే ఉంచుకోవచ్చు.

పైరుకు బలమిస్తాయని అమ్మే ఇలాంటి సరుకు, బయోస్టిమ్యులెంట్లు అనేవాటిని, కేంద్ర ప్రభుత్వం 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. అంతకు ముందు వాటి మీద ఆ ఉత్తర్వు అదుపు లేదు. అదుపు వచ్చినా, మన మడిలో మనకు గిట్టుబాటవుతుందా అన్నది మన మడే చెప్పాలి.

తేడా నిజమే, గిట్టుతుందా?

పరీక్షలో నెగ్గినంత మాత్రాన కొనమని కాదు. 2025-26కు సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఎకరాకు గుళికలకూ చల్లే కూలికీ కలిపి 1,200 అవుతుందనుకుంటే, పెట్టిన డబ్బు తిరిగి రావడానికే 51 కిలోలు ఎక్కువ పండాలి. మన రెండో లెక్కలో 108 కిలోలు వచ్చాయి కాబట్టి ఖర్చు పోను 1,350 రూపాయల దాకా మిగులుతుంది. అదే తేడా నిఖార్సుగా తేలినా 30 కిలోలే అయితే, మందు పనిచేసినట్టు, మనం నష్టపోయినట్టు.

తేలలేదు అని వస్తే మాత్రం వెంటనే తీసి పారెయ్యొద్దు. ఆరు జతల్లో చిన్న తేడా దొరకడం కష్టం. ఊళ్లో ఆరుగురు రైతులు తలా రెండు జతలు పెడితే పన్నెండు జతలవుతాయి, తలా ఆరేడు సెంట్లతో పోతుంది. దాళ్వాకు ఇంకోసారి పెడితే మరీ మంచిది. ఒక ఏడు వాన తీరుకు కలిసొచ్చిన మందు ఇంకో ఏడు రాకపోవచ్చు.

ఈ లెక్కల శాస్త్రంలో ప్రపంచంలోనే పేరు పొందినవారిలో తెలుగాయన ఒకరున్నారని చాలామందికి తెలియదు. సి.ఆర్. రావు గారు. 1920లో పుట్టారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు, తర్వాత కేంబ్రిడ్జిలో ఈ ఫిషర్ దగ్గరే పరిశోధన చేశారు. గుంపుల సగటులను ఒకటి కాదు, ఎన్నో కొలతలతో ఒకేసారి పోల్చే పద్ధతుల మీద ఆయన పని చాలా పెద్దది. నూట రెండేళ్లు బతికి 2023 ఆగస్టులో కన్నుమూశారు.

ఇక మా బాబాయి సంగతి. ఈ ఏడు ఇంకో కంపెనీ సీసా మందు మా ఊరొచ్చింది. ఆకు మీద కొట్టాలట, ఎకరాకు మూడు బస్తాలు ఎక్కువట. బాబాయి ఒకే ఒక్క చిన్న సీసా, ఈసారి రొక్కం ఇచ్చి కొన్నాడు. కౌలు చేలో ఆరు జతలు కట్టాడు. బిళ్ల ఎగరేసింది వాళ్ల మనవరాలు, ఆరో తరగతి. పోయిన వారం కోత అయింది. పన్నెండు గోనెలు వాళ్ల వసారాలో వరసగా పెట్టి ఉన్నాయి, ఒక్కోదాని మీద బొగ్గుతో అంకె. ఏ అంకె మందు మడిదో రాసిన నోటుబుక్కు ఆ పిల్ల సంచిలో ఉంది. చూపించమంటే నాకు చూపించలేదు. "తూకమయ్యాకే తెరుద్దాం అబ్బాయ్. కాటా దగ్గర నువ్వే నిలబడు, అంకెలు నువ్వే రాయి" అన్నాడు. ఆదివారం పొద్దున రమ్మన్నాడు.